మందులకొట్టు బాబాయి మోదుగ

పెద్దకర్మ రోజున షామియానా ముందు కట్టిన ఫ్లెక్సీలో ఆయన ఫొటో వెనక తురాయి చెట్టు ఎర్రగా విరగబూసి ఉంది. కింద ‘వృక్షప్రేమికుడికి అశ్రునివాళి’ అని పెద్ద అక్షరాలతో వేయించారు. ఆయనకి వృక్షాల మీద ప్రేమ ఉన్నట్టు ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆయన తన జన్మలో పట్టించుకున్నది ఒకే ఒక్క చెట్టుని, అది తురాయి కాదు, మోదుగ. దాన్ని కూడా ప్రేమించాడని నేను అనను, పంతం పట్టాడు. రెండూ ఎర్రపూలే కదా అనుకుని ఫ్లెక్సీ వేసినవాళ్లు చేతికి దొరికిన బొమ్మ పెట్టేశారు. బతికుంటే ఆయన ఆ ఫ్లెక్సీ దగ్గరికి వెళ్లి, కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, “ఇది నకిలీ” అని చెప్పి తన భోజనాలు తనే ఆపించి ఉండేవాడు.

భోజనాల దగ్గర ఇంకో తమాషా జరిగింది. పేపరు ప్లేట్ల మీద మోదుగాకుల విస్తరి బొమ్మ అచ్చు వేశారు. ఆకులూ, ఈనెలూ, ఆకులు కుట్టిన పుల్లలూ అన్నీ ఆకుపచ్చ రంగులో ఉన్నాయి. నాకు నవ్వు ఆగలేదు. చీరాల నుంచి వచ్చిన ఆయన బంధువు ఒకావిడ నా వంక ఎర్రగా చూసింది. చచ్చిపోయిన మనిషి సంగతి ఆవిడకి నాకు తెలిసినంత తెలియదని ఊరుకున్నాను.

మాది గుంటూరు వైపు నల్లరేగడి ఊరు. మిరప, పత్తి కాకుండా ఇంకోటి వేస్తే ఆ రైతుకి మతి చెడిందేమోనని చూస్తారు. అలాంటి ఊళ్లో ఎరువులు, పురుగుమందులు అమ్మే కొట్టు ఆయనది. మా ఆయన ఉద్యోగం చేసుకుంటాడు, సేద్యం నాది, అందుకని ఆ కొట్టుకి వెళ్లాల్సింది నేనే. నాకు ఆయన వరసకి బాబాయి. ఊళ్లో సగం మందికి వరసకి బాబాయే, మిగతా సగం వరస లేకపోయినా అలాగే పిలిచేవాళ్లు.

రైతు గుప్పిట్లో ఒక ఆకు పట్టుకుని వస్తాడు. బాబాయి దాన్ని అందుకుని వెలుతురుకి పెట్టి చూసి, తిరగేసి చూసి, చివరికి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. తెగులు వచ్చిన మిరపాకుకి వాసన మారుతుందని ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు. అయినా చూడకుండా వదిలేవాడు కాదు. ఆ తరవాత కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి ఒకే మాట అనేవాడు.

“మందుంది.”

ఆ మాట చెవిన పడగానే చేలో పురుగు సగం చచ్చినట్టే మొహం పెట్టి రైతు ఇంటికి వెళ్లేవాడు. మిగతా సగం చచ్చేది కాదు. వారం తిరక్కుండా మళ్లీ ఆకు పట్టుకుని వస్తే, బాబాయి మళ్లీ వాసన చూసేవాడు. “ఇది వేరే పురుగురా. దీనికి వేరే మందుంది” అనేవాడు. ఫోన్లు వచ్చాక కొంతమంది చేలోంచే ఆకు ఫొటో తీసి పంపడం మొదలుపెట్టారు. ఆయనకి ఆ పద్ధతి గిట్టలేదు. “ఫోన్ని వాసన చూడమంటావేరా?” అని తిట్టి కొట్టుకి రప్పించుకునేవాడు.

ఒక సంగతి బయటి ఊళ్లవాళ్లకి తెలియాలి. మేం డాక్టర్ని మారుస్తాం, లాయర్ని మారుస్తాం, ఓటు వేసే గుర్తు కూడా మారుస్తాం. మందులకొట్టుని మాత్రం మార్చం. రోడ్డుకి అవతల ఇంకో కొట్టు ఉన్నా, ఎవరి కొట్టు వాళ్లదే. బాబాయి ‘ఉంది’ అంటే ఉన్నట్టు, ‘లేదు’ అంటే లోకంలో ఎక్కడా లేనట్టు. కాకపోతే ఆయన నోట ‘లేదు’ అన్న మాట ఎవరూ విని ఎరగరు.

అలాంటి మనిషికి ఒక ఏడు గట్టి దెబ్బ తగిలింది. ఆయన అమ్మిన మిరప విత్తనం మొక్కలు నడుముల దాకా ఏపుగా పెరిగాయి గానీ, కాయ పట్టలేదు. పట్టిన నాలుగూ వంకర తిరిగిపోయాయి. నా చేను కూడా అందులోదే. రైతులందరం మొక్కలు పీక్కొచ్చి కొట్టు ముందు కుప్ప పోశాం. నేను ఒక మొక్క చేత్తో పట్టుకుని ఆయన మొహం ముందు ఆడించి, “నకిలీ విత్తనాలు అంటగట్టావు బాబాయ్” అన్నాను. ఆయన మొక్కని వాసన చూడబోయి ఆగిపోయాడు.

“నేను అమ్మానమ్మాయ్. తయారు చెయ్యలేదు. కంపెనీవాళ్లని అడగండి” అన్నాడు.

కంపెనీవాళ్లు రాలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆ ఏడు మేం ఎట్టా గట్టెక్కామో మాకే తెలుసు. మరుసటి ఏడు మళ్లీ ఆ కొట్టుకే వెళ్లాం, అది మా గొప్పతనం. ఆ రోజు నుంచి ‘నకిలీ’ అన్న మాట వినపడితే మాత్రం ఆయన మొహం మాడిపోయేది. తప్పయిందని ఒక్కసారైనా అంటాడేమోనని నేను చూశాను. ఆయన అనలేదు. నాకు ఇప్పటికీ ఆ కోపం ఉంది.

మోదుగ కథ ఆ తరవాతదే. కొట్టుని పెద్దది చేసి కొత్త గదులు వేసి, పెదకాకాని నుంచి పంతులుగారిని పిలిపించి హోమం పెట్టించాడు. ఊరంతా వచ్చాం. పంతులుగారు సంచిలోంచి సమిధల కట్ట తీశారు. పూజాసామాన్ల కొట్లో కొన్న కట్ట, మీద ‘మోదుగ సమిధలు’ అని చీటీ ఉంది. ఒక పుల్ల నిప్పులో పడిందో లేదో బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు. కట్టలోంచి ఇంకో పుల్ల లాగి, వెలుతురుకి పెట్టి, తిప్పి, వాసన చూశాడు.

“పంతులుగారూ, ఇది మోదుగ కాదు. సుబాబుల్. పేపరు మిల్లుకి పోయే సరుకు” అన్నాడు.

“మంత్రం అసలుదే నాయనా, కానివ్వండి” అన్నారు పంతులుగారు తాపీగా.

“సరుకు నకిలీదైతే మంత్రం ఏం చేస్తుందండీ?”

ఆ మాటకి నా వెనక నిలబడ్డ పక్కచేను సాంబయ్య కిసుక్కున నవ్వాడు. సాంబయ్య పొలం, బాబాయి పొలం పక్కపక్కనే, మధ్యలో గట్టు ఇద్దరికీ ఉమ్మడి. “ఆ ముక్క అడగాల్సింది మనం గదమ్మా” అన్నాడు నాతో, అందరికీ వినపడేలాగా. నవ్వులు లేచాయి. బాబాయి మొహం మాడిపోయింది. హోమం ఆ సుబాబుల్ పుల్లలతోనే పూర్తయింది గానీ, పంతులుగారికి తాంబూలం ఇస్తూ అందరి ముందూ అనేశాడు. “వచ్చేసారి సమిధలు మీరు తేవద్దు. అసలు మోదుగ నేనే పెంచుతా.”

మా ఊరి చుట్టుపక్కల మోదుగ చెట్టన్నది లేదు. ఒకప్పుడు గట్ల మీద ఉండేవట. నీడ పడితే మిరప కాయదని, పిట్టలు చేరతాయని, ట్రాక్టరుకి అడ్డమని ఒక్కొక్కటే కొట్టేశారు. కొట్టగా మిగిలిన వేళ్లని చంపే మందు అమ్మింది కూడా వీళ్ల కొట్టే అయి ఉంటుంది. అందుకని ఈయన కారు కట్టించుకుని మార్కాపురం దాటి శ్రీశైలం దారిలో అడవి అంచుకి వెళ్లి, చెట్ల కింద రాలిన మోదుగ కాయలు గోతాంలో పోసుకుని వచ్చాడు. పల్చటి కాయ, దాని కొసన ఒకటే గింజ.

ఆ గింజ అడవిలో ఎవరూ నాటకుండానే మొలుస్తుంది. రాలుతుంది, వాన పడుతుంది, మొలుస్తుంది. కానీ బాబాయి మిరప దేశంలో పుట్టినవాడు. కాయలు ఒలిపించి, గింజలకి గులాబీ రంగు మందుపొడి పట్టించి విత్తనశుద్ధి చేశాడు. మిరప నారు పోసే ట్రేలు తెప్పించి, కొబ్బరిపొట్టు నింపి, గుంటకొక గింజ పెట్టి, షేడ్‌నెట్ కింద వరసగా పేర్చాడు. మొలిచాయి. మొలవగానే వేరు బలపడాలని ఒకటి, ఆకు పచ్చబడాలని ఇంకొకటి, ఏమీ రాకుండా ముందుజాగ్రత్తకి మరొకటి కొట్టించాడు. తామరపురుగు వాలుతుందని నీలం రంగు జిగురు అట్టలు కూడా వేలాడదీశాడు.

మోదుగకి పైన జానెడు మొక్క లేచేసరికి కింద మూరెడు వేరు దిగుతుంది. మిరప ట్రేలో గుంట లోతు బొటనవేలంత. దిగడానికి చోటు లేక ఆ వేళ్లు గుంటలోనే చుట్టలు చుట్టుకున్నాయి. పొలంలో నాటాక నెల తిరక్కుండా మొక్కలన్నీ వాడిపోయాయి. ఆయన ఒకటి పీకి చూసి ఎండుతెగులు అన్నాడు. దానికీ మందుంది. కొట్టాడు. మిగిలినవి కూడా చచ్చాయి.

మరుసటి ఏడు కిందటేడు మిగిలిన గింజలే మళ్లీ పోశాడు. మోదుగ గింజ ఏడాది నిలవ ఉండదు, ఒక్కటీ మొలవలేదు. ఆ కబురు మా ఊళ్లో పండగ చేసింది. టీ బంకు దగ్గర ఆయన కనపడితే చాలు, ఎవడో ఒకడు, “బాబాయ్, మోదుగ విత్తనం ఎక్కడ కొన్నావు? మన కొట్లోనేనా?” అనేవాడు. వాళ్ల ఇంట్లో పిన్ని, అంటే బాబాయి భార్య, అంతకంటే ఘాటుగా అనేది. “అడవంతా తిరిగి ఒక్క చెట్టుకి దిక్కు లేకుండా వచ్చాడమ్మా ఈ మొనగాడు. ఆ మందులు నా జాజితీగకి పోసినా పూలన్నా పూసేవి.”

చివరికి బతికిన మొక్క ఎక్కడిదంటే, ఆయన పారబోసినది. మొదటి ఏడు ఒలవగా మిగిలిన కాయల్ని, పనికిరావని, గోతాంతో సహా సాంబయ్య వైపు గట్టు మీద కుమ్మరించాడు. అందులో ఒక కాయ ఎవరి సాయం లేకుండా, ఏ మందూ తగలకుండా మట్టిలోకి దిగి మొలిచింది. రెండేళ్ల తరవాత పత్తి చేలో కలుపు తీసే ఆడవాళ్లు మూడేసి ఆకుల మొక్క ఒకటుందని చెబితే పరుగెత్తుకుంటూ వెళ్లి చూశాడు. మర్నాడు కొట్లో అందరికీ చెప్పాడు. “చూశారా? విత్తనశుద్ధి చేస్తే ఫలితం ఎప్పటికైనా వస్తుంది.” ఆ కాయకి విత్తనశుద్ధి జరగలేదని పిన్ని లోపలి నుంచి కేకేసింది. ఆయన వినపడనట్టు డబ్బాలు సర్దుకున్నాడు.

మొక్క చెట్టయింది గానీ పూయలేదు. మోదుగ తీరిగ్గా పూస్తుంది. మేం ఆరు నెలల్లో కాయ కోసుకునే జనం, ఏళ్ల తరబడి ఆగడం మాకు చేతకాదు. నాలుగో ఏడు దాటగానే సాంబయ్య అడగడం మొదలుపెట్టాడు. “ఏంది బాబాయ్, ఇదీ ఆ మిరపలాంటిదేనా? ఆకులేగానీ కాయ లేదు?” ఆ మాట నేను కూడా అన్నాను, ఒకసారి కాదు. అన్నప్పుడల్లా నాకు హాయిగా ఉండేది.

ఆ హాయి ఆయనకి ఎంత గుచ్చుకుందో ఒక మాఘమాసం పొద్దున తెలిసింది. నేను మిరపకోతకి కూలీలతో వెళ్తుంటే, గట్టు పక్కన ట్రాక్టరు ట్రక్కు ఆగి ఉంది. ట్రక్కు మీద స్టూలు, స్టూలు మీద బాబాయి, వీపున స్ప్రేయరు. ఆ వయసులో పంచె ఎగ్గట్టి మోదుగ కొమ్మల మీదకి మందు కొడుతున్నాడు. ఆకులన్నీ రాలిపోయి ఉన్నాయి. పిచికారీ అంతా మోడు కొమ్మల మీద పడి ఆయన నెత్తినే కారుతోంది.

“ఏం మందు బాబాయ్?”

“పూతమందు” అన్నాడు.

కూలీలు గట్టు మీద కూలబడి నవ్వారు. ఆయన దిగలేదు. ట్యాంకు అయిపోయేదాకా కొట్టి, దిగాక నాతో నెమ్మదిగా అన్నాడు. “ఒక్కసారి పూస్తే చాలమ్మాయ్. నా దగ్గర నుంచి ఒక్కటన్నా అసలుది వచ్చిందని మీరంతా చూస్తారు.” అప్పటికి గానీ ఆయన దేనికోసం స్టూలు ఎక్కాడో నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా ఇంకో రెండేళ్లు ఏడిపించాను.

పూతమందు వల్ల కాదు గానీ, చివరికి ఒక ఏడు మొగ్గలు వచ్చాయి. నల్లటి ముఖమల్ మొగ్గలు కొమ్మల నిండా. బాబాయి పొద్దునొకసారి, సాయంత్రమొకసారి వెళ్లి చూసొచ్చేవాడు. ఇంకో నాలుగు రోజుల్లో విచ్చుకుంటాయనగా సాంబయ్య గట్టు వెడల్పు చేయించడానికి జేసీబీ పెట్టించాడు. ఎండుమిరప బస్తాలు మోసే ట్రాక్టరు తిరగాలట. అడగలేదు, చెప్పలేదు. బాబాయి వెళ్లేసరికి మోదుగ మొగ్గలతో సహా సాంబయ్య కళ్లం పక్కన పడి ఉంది. కొట్లాడతాడనుకున్నాం. కొట్లాడలేదు. ఒక మొగ్గ తుంచి జేబులో వేసుకుని కొట్టుకి వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు కొట్టుకి ఆకులు పట్టుకొచ్చినవాళ్లకి వాసన చూడకుండానే మందులిచ్చి పంపాడు. నాకు నవ్వు రాలేదు.

అయితే మోదుగ సంగతి సాంబయ్యకి తెలియదు. చెట్టు పోయినా వేళ్లు పోవు. తొలకరి వానలకి గట్టు పొడుగునా పిలకలు లేచాయి. గట్టు మీద ఆగలేదు, సాంబయ్య మిరపసాళ్ల మధ్య కూడా లేచాయి. కొడవలితో కోస్తే కోసినచోట రెండు లేచేవి. దున్నితే తెగిన ప్రతి వేరుముక్కా ఒక మొక్క అయ్యేది. బాబాయి చేలో కూడా లేచాయి, ఆయన మాత్రం వాటి జోలికి పోలేదు.

ఒకరోజు నేను కొట్లో ఉండగానే సాంబయ్య గుప్పిట్లో మోదుగాకు పట్టుకుని వచ్చాడు. ఆ మొహం పెట్టుకుని రావడానికి అతనికి ఎంత కష్టమైందో చూస్తుంటేనే తెలుస్తోంది. ఎవరి కొట్టు వాళ్లదే మరి, ఇంకెక్కడికి పోతాడు?

“బాబాయ్, జరిగిందేదో జరిగింది. దీనికేమన్నా ఇయ్యి.”

బాబాయి ఆకు అందుకున్నాడు. వెలుతురుకి పెట్టాడు. తిరగేశాడు. చాలాసేపు వాసన చూశాడు. ఆయన తల వెనక అరలో ఎర్రమూత డబ్బాలు వరసగా ఉన్నాయి. చెరువుగట్ల మీది ముళ్లకంపని వేళ్లతో సహా చంపే మందు అది, ఊళ్లో సగం మందికి ఆయన చేత్తోనే అమ్మాడు. కళ్లజోడు నుదుటి మీదకి నెట్టాడు.

“దీనికి మందు లేదురా” అన్నాడు.

కొట్లో ఉన్న నలుగురం తలలెత్తి చూశాం. సాంబయ్య నమ్మలేక వెనక అర వైపు చెయ్యి చూపించాడు. “ఆ కంపకిచ్చే మందు కొడితే?”

“అది కంపకే. మోదుగకి టానిక్కులా పనిచేస్తుంది. కొట్టావంటే ఇంకా బలుస్తుంది, నీ ఇష్టం.”

సాంబయ్య ఆకుని గుప్పిట్లో నలుపుకుంటూ వెళ్లిపోయాడు. నేను నోరు తెరవలేదు. తెరిస్తే ఒక్క మాటతో ఆ మోదుగ కథ అక్కడే అయిపోయేది. ఆయన నా వంక చూడకుండా డబ్బాల మీద దుమ్ము దులుపుకుంటూ కూర్చున్నాడు.

గట్టు మీద పిలకలు తల్లివేరు బలంతో లేచినవి కాబట్టి కొన్నేళ్లకే పూశాయి. పూసిన రోజున ఆయన ఒక రెమ్మ తెంపుకొచ్చి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. చిలకముక్కుల్లాంటి పూలు. వచ్చినవాళ్లందరి చేతుల్లోనూ ఒక్కొక్కటి పెట్టాడు. చాలామంది “బాగుంది బాబాయ్” అని పక్కన పెట్టి మందు సంగతి అడిగారు. నా వంతు వచ్చింది.

“వాసన చూడు” అన్నాడు.

చూశాను. “వాసనేం లేదు బాబాయ్.”

“అసలుదానికి ఉండదు” అన్నాడు గర్వంగా.

అదను దొరికిందనిపించింది. “మరి ఆ ఏడు మాకిచ్చిన విత్తనాల సంగతేంది? అది నకిలీ అని నీకు ముందే తెలుసా, తెలియదా?”

ఆయన పువ్వుని నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద సర్ది పెట్టాడు. “నీకేం కావాలో అది చెప్పమ్మాయ్” అన్నాడు. ఇక అంతే. ఆ జవాబు పోయేటప్పుడు ఆయనతోనే పోయింది.

ఆయన పోయింది చక్కెరజబ్బుతో. ఊరందరికీ మూడేసి మందులు కలిపి కొట్టమని చెప్పిన మనిషి, డాక్టరు రాసిన మాత్రలు ఏనాడూ సరిగ్గా మింగలేదు. అడిగితే, “మందులకి అలవాటు పడకూడదమ్మాయ్” అనేవాడు.

కర్మ అయిన మూడు రోజులకి కొట్టు తెరిచారు. పిన్ని కూర్చుంది. నా మిరపకి తామరపురుగు పట్టి నేను వెళ్లేసరికి, నాకంటే ముందే సాంబయ్య నిలబడి ఉన్నాడు, గుప్పిట్లో మోదుగాకుతో.

“పిన్నీ, బాబాయి ఉన్నప్పుడు దీనికి మందు లేదన్నాడు. ఈ మధ్య కొత్తదేమన్నా వచ్చిందేమో చూడు. మూడు సాళ్లు తినేసింది ఇది.”

ఆ చెట్టుని ఆవిడ తిట్టినంతగా ఎవరూ తిట్టలేదు. అడ్డం పడదామన్నా నేనెవరిని? ఆవిడ ఆకు అందుకుని వెలుతురుకి పెట్టింది. తిరగేసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎర్రమూత డబ్బాలు ఆవిడ తల వెనకే, అదే అరలో ఉన్నాయి.

“మీ బాబాయి ఏం చెప్పాడు?”

“కంపమందు కొడితే ఇంకా బలుస్తుందన్నాడు.”

“మరింకేం. ఆయనకంటే నాకెక్కువ తెలుసా? లేదు నాయనా దీనికి మందు.”

సాంబయ్య గొణుక్కుంటూ మెట్లు దిగాడు. అతను రోడ్డు దాటిందాకా ఆగి, “పిన్నీ, ఆ వెనక అరలో...” అన్నాను.

“నీకేం కావాలో అది చెప్పమ్మాయ్” అంది.

తామరపురుగు మందు అడిగాను. ఇచ్చింది. ఇచ్చాక స్టూలు వేసుకుని ఎర్రమూత డబ్బాలన్నీ దించి, నేలమీద గోడవారగా పెట్టి, ముందు జీలుగ విత్తనాల సంచి అడ్డం జరిపింది.